మైకు చేతికొస్తే నోరు ఎండిపోతోంది

ప్రశ్న: నేను పొదుపు సంఘం లీడర్‌ని. సంఘంలో పదిమంది ముందు లెక్కలన్నీ గడగడా చెప్పేస్తాను. మండల సమాఖ్య మీటింగులో మైకు ఇచ్చేసరికి నోరు ఎండిపోతుంది, చేతిలో కాగితం వణుకుతుంది. అందరూ ఆ వణుకే చూస్తున్నారని ఇంకా టెన్షన్. పోయిన నెల ఒంట్లో బాలేదని చెప్పి మానేశాను. దడ తగ్గే మాత్ర ఉందని మా తమ్ముడంటున్నాడు. వేసుకోవచ్చా?
– ఒక సోదరి, పలమనేరు

జవాబు: అమ్మా, ఇదంతా అడ్రినలిన్ అనే హార్మోన్ పని. ప్రమాదం ఉందని మెదడు అనుకోగానే అది రక్తంలోకి వస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, చేతులు వణుకుతాయి, నోట్లో తడి ఆరిపోతుంది. పాము కనబడినా ఇంతే, వందమంది ఒక్కసారిగా మీవైపు తిరిగినా ఇంతే. తిరుపతిలో నా దగ్గరికి ఇదే బాధతో టీచర్లు, లాయర్లు కూడా వస్తారు. పిరికిదాన్ని అనుకోకండి.

లోపలి కంగారు బయటికి అంతగా కనిపించదు. అమెరికాలో సావిట్‌స్కీ, గిలోవిచ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులతో ప్రసంగాలు చేయించి 2003లో ఈ సంగతి ప్రచురించారు. తమ భయం అందరికీ తెలిసిపోయిందని మాట్లాడినవాళ్లు అనుకున్నారు, విన్నవాళ్లకు అంత తెలియలేదు. ఈ విషయం ముందే తెలిసినవాళ్లు మిగతావాళ్లకన్నా బాగా మాట్లాడారు కూడా. అందుకే మీకూ ముందే చెబుతున్నాను.

పల్చటి కాగితం మాత్రం వదిలేయండి, చిన్న వణుకును అదే పెద్దది చేసి చూపిస్తుంది. గట్టి అట్ట ఉన్న లెక్కల పుస్తకం పట్టుకోండి. మొదటి రెండు వాక్యాలు నోటికి రావాలి. మన పల్లెల్లో భారతం జరిగేటప్పుడు చూడండి, హరికథ చెప్పేవారు ముందు ప్రార్థన పద్యం అందుకుంటారు, కథ తర్వాతే. చాలామందికి దడ మొదట్లోనే ఎక్కువ, మాట సాగేకొద్దీ దిగుతుంది.

నాకు బాధ కలిగించింది మీరు మానేయడమే. ఆ సాయంత్రం ప్రాణం హాయిగా ఉండుంటుంది. తప్పించుకుంటేనే హాయి అని మనసు నేర్చుకుంటుంది, అలా ఆ హాయే భయాన్ని పెంచుతుంది. ఈ నెల వెళ్లండి. ప్రసంగం వద్దు, లేచి ఒక్క ప్రశ్న అడగండి. వచ్చే నెల మీ సంఘం లెక్కలు చదవండి.

మీ తమ్ముడు చెప్పింది ప్రొప్రనొలాల్ అయ్యుండొచ్చు. దడ, వణుకు తగ్గుతాయి, నిజమే. కానీ ఉబ్బసం ఉన్నవాళ్లకు అది ప్రమాదం. డాక్టరు చూడకుండా మందుల షాపులో అడిగి వేసుకోవద్దు. భయంతో నెలల తరబడి పనులు ఆగిపోతుంటే తిరుపతి రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యులను కలవండి. అంతదూరం రాలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.