చనిపోయిన నాన్న ఖాతాలో పడిన రైతుబంధులో నాకు వాటా రాదా?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా. నాన్న కొన్న భూమి 3 ఎకరాల 20 గుంటలు. 2021లో ఆయన చనిపోయారు. పాసుబుక్కు ఇప్పటికీ ఆయన పేరు మీదే ఉంది. రైతుబంధు ఆయన ఖాతాలోనే పడింది. ఆయన ఫోను, ఏటీఎం కార్డు అన్న దగ్గరున్నాయి. మొదటి రెండు పంటలకు సగం నాకిచ్చాడు, తర్వాత పైసా ఇవ్వలేదు. దున్నేది నేనే, అమ్మను చూసేది నేనే. మొన్న పండక్కి నా పిల్లల ముందే నన్ను తిట్టాడు. చెల్లెకు పెళ్లయింది. పాత స్టాంపు పేపరు మీద నాన్న పేరుతో వీలునామా రాయిస్తే పనైపోతుందని ఒకాయన చెబుతున్నాడు. రాయించమంటారా?

జవాబు: వద్దు. ఆ మనిషి గడప తొక్కకండి.

మీ అన్న తిట్టాడా లేదా అన్నది కేసును తేల్చదు. తేల్చేది మీరు రాసిన మరో మాట: ‘రెండు పంటలకు సగం నాకిచ్చాడు.’ రైతుబంధు దున్నేవారికి కాదు, పట్టాదారుకి ఇచ్చారు. పట్టాదారు పోయాక ఆయన పేరిట పడిన సొమ్మును వారసత్వపు ఆస్తిగా పంచమని అడగడం కష్టం. ఎకరాకు 5,000 చొప్పున పంటకు 17,500. అందులో సగం కోసం దావా వేస్తే, చనిపోయిన మనిషి ఖాతాలోంచి కార్డుతో తీసిన డబ్బు మీరూ తీసుకున్నారని కోర్టుకు రాసిచ్చినట్టే. పైగా ఇలాంటి సొమ్ము కోసం దావాకు గడువు మూడేళ్లే, అదీ ఒక్కో పంట డబ్బుకు విడిగా. పాతవి ఎప్పుడో గడువు దాటాయి. ఆ డబ్బు వదిలేయండి, భూమి సంగతి చూడండి.

ఇన్నేళ్లు విరాసత్, అంటే వారసుల పేరు మీదికి పట్టా మార్పిడి, చేయించకుండా ఎలా కూర్చున్నారు? దినాలయిన నెలలోనే కావాల్సిన పని ఇది.

ఇక వీలునామా. దానికి అసలు స్టాంపు పేపరే అక్కర్లేదు. తెల్లకాగితం, రాసిన మనిషి సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు చాలు. మీవాడు తెచ్చే స్టాంపు పేపరు వెనక దాన్ని అమ్మిన వెండరు పేరు, వరుస నంబరు, అమ్మిన తేదీ ఉంటాయి. నాన్న సంతకం బ్యాంకులో ఉంది, భూమి కొన్నప్పటి దస్తావేజులోనూ ఉండి ఉంటుంది. పక్కపక్కన పెడితే దొరికిపోతారు. దొంగ వీలునామాకు భారతీయ న్యాయ సంహిత 338 కింద పదేళ్ల వరకు, లేదంటే యావజ్జీవం.

నాన్న సొంతంగా కొన్నది కాబట్టి అమ్మ, అన్న, చెల్లె, మీరు నలుగురూ సమాన వారసులు. తలా 35 గుంటలు. ‘చెల్లెకు పెళ్లయింది’ అని రాశారు, దాంతో ఆమె హక్కు పోదు. ఆమె తన ఇష్టంతో వదులుకుంటానంటే రిజిస్టర్డ్ హక్కు విడుదల పత్రం కావాలి. తెల్లకాగితం మీద సంతకం పనికిరాదు. ఆమెను దాచి కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ తెచ్చుకుంటే, రేపు ఆమె ఒక్క దరఖాస్తుతో మీ పట్టా కదులుతుంది.

మరణ ధ్రువపత్రం, నలుగురి పేర్లున్న కుటుంబ సభ్యుల సర్టిఫికెట్‌తో తెలంగాణ భూ రికార్డుల పోర్టల్ భూభారతిలో వారసత్వ మార్పిడికి దరఖాస్తు పెట్టండి. అన్న సంతకం పెట్టకపోతే అమ్మను, చెల్లెను కూడా చేర్చి సివిల్ కోర్టులో భాగపంపిణీ దావా వేయండి. మీకు వాటా లేదన్ననాటి నుంచి 12 ఏళ్ల గడువు ఉంటుంది కాబట్టి దీనికి టెన్షన్ అక్కర్లేదు. పాసుబుక్కు వచ్చాక మీ గుంటలకు రైతు భరోసా (రైతుబంధు స్థానంలో వచ్చిన పథకం) మీ ఖాతాకే వస్తుంది. పీఎం కిసాన్‌కు 2019 ఫిబ్రవరి 1 నాటికే భూమి ఉండాలన్న నిబంధన ఉంది గానీ, యజమాని మరణంతో వచ్చిన భూమికి మినహాయింపు ఇచ్చారు.

వీటన్నిటికంటే ముందు, రేపే మరణ ధ్రువపత్రం జిరాక్సు జతచేసి బ్యాంకు మేనేజరుకు ఉత్తరం ఇచ్చి ఖాతా ఆపించండి. రెండో కాపీ మీద బ్యాంకు ముద్ర, తేదీ వేయించుకోకుండా కౌంటరు దగ్గర్నుంచి కదలకండి.