అడుగుకు తగ్గించారని అప్పు చేసి టేకు కొంటారా?

ప్రశ్న: మాది విజయవాడ. జీతం 42 వేలు, ఇంటి ఖర్చు 30 వేలు. ఆదివారాలు స్టూళ్లు, పుస్తకాల అలమరలు చేయడం సరదా. 20 సీఎఫ్‌టీ (ఘనపుటడుగులు) టేకు ఒకేసారి తీసుకుంటే ఘనపుటడుగు 3,000కే ఇస్తామని ఒక కలప డిపోవాళ్లు అంటున్నారు. 60 వేలు క్రెడిట్ కార్డు మీద 24 నెలల ఈఎంఐ, 16 శాతం వడ్డీ. బ్యాంకులో 35 వేలున్నాయి. డిపోలో కొననా, ఆన్‌లైన్‌లోనా?

జవాబు: ఎక్కడ కొనాలో తర్వాత చూద్దాం. టోకున చవకని అప్పు చేసి మరీ సరుకు నింపుకునేవాళ్లు నా దగ్గరికి చాలామంది వస్తారు. ఒకరికి చీరలు, ఇంకొకరికి కెమెరా లెన్సులు, మీకు టేకు.

నాలుగడుగుల ఎత్తు, రెండున్నర అడుగుల వెడల్పు ఉన్న అలమర తీసుకోండి. పక్కలు రెండు, అరలు నాలుగు. పది అంగుళాల వెడల్పు, అంగుళం మందం పలక 18 అడుగులు కావాలి. పదిని 18తో గుణించి 144తో భాగిస్తే ఒకటింపావు సీఎఫ్‌టీ. తరుగు కలిపి ఒకటిన్నర అనుకుందాం. మీరు కొంటానంటున్నది పదమూడు అలమరల కలప! అన్ని ఆదివారాలు ఎక్కడివండీ? ఈలోగా సరిగ్గా ఆరని పలకలు వంకర్లు పోతాయి.

ఇక ఈఎంఐ. వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 12 వేలు దాటుతుంది. అంటే నాలుగు సీఎఫ్‌టీల టేకు డబ్బు ఊరికే వడ్డీకి, పన్నుకు పోతుంది. సరదాకి కార్డు గీకడం నాకు అస్సలు నచ్చని పని.

అసలు టెన్షన్ ఆ 35 వేల గురించి. నెల ఖర్చుకు కాస్త ఎక్కువ, అంతే. ఉద్యోగం పోతే రెండో నెల అద్దె ఎలా కడతారు? రంపానికి వేలు తెగి పదిరోజులు సెలవు పెడితే? ఆరు నెలల ఖర్చు, అంటే 1.8 లక్షలు పక్కన ఉండాలి. మిగిలే 12 వేలల్లో నెలకు 8 వేలు ఆర్‌డీలో (నెలనెలా కట్టే బ్యాంకు డిపాజిట్) వేస్తే ఏడాదిన్నరలో అక్కడికి చేరతారు. వ్యక్తిగత ప్రమాద బీమా లేకపోతే అదీ తీసుకోండి.

సరదా మానమనను. నెలకు 1,500 పెట్టుకుని, ఒక్కో వస్తువుకు సరిపడా డిపోలోనే కొనండి. పెద్ద సైజులు కోయగా మిగిలిన ముక్కలు అడిగితే తగ్గించి ఇస్తారు, స్టూలుకు అవి చాలు. పాత ఇళ్లు పడగొట్టిన టేకు బాగా ఆరి ఉంటుంది, మేకులు చూసుకోండి. ఆన్‌లైన్‌లో పలక వంపు కనబడదు, పైగా రవాణా ఖర్చు. ఇంకోటి, చిత్రిక పట్టాక అంగుళం పలక ముప్పాతిక అంగుళానికి దిగినా బిల్లు అంగుళానికే వేస్తారు. టేపు జేబులో పెట్టుకుని వెళ్లండి.