సొంత రాతలు లేని సిథియన్ల చరిత్రను ఎలా అధ్యయనం చేస్తారు?

స్టెప్పీ అనే విశాలమైన గడ్డి మైదానాల సంచార జాతి అయిన సిథియన్లు తమ గురించి తాము రాసుకోలేదు కాబట్టి, క్రీ.పూ. 5వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ వంటి పరాయివారి కథనాలను తవ్వకాల్లో దొరికిన ఆధారాలతో సరిచూసుకుంటూ చదవాలి. చిన్న గుడారంలో కాలిన రాళ్లపై గంజాయి గింజలు వేసి వారు ఆవిరి పట్టేవారని ఆయన రాసినది వింతగా తోచినా, సిథియన్లకు సన్నిహితమైన సంస్కృతికి చెందిన పజిరిక్ సమాధులను 1947-49లో సైబీరియాలోని ఆల్టాయ్ పర్వతాల్లో సోవియట్ పురావస్తు శాస్త్రవేత్త రుడెంకో తవ్వినప్పుడు, మంచు గడ్డకట్టడం వల్ల చెడిపోకుండా నిలిచిన ఆ గింజలు, రాళ్లున్న పాత్రలు, గుడారపు కర్రలు నిజంగానే బయటపడ్డాయి.

అయితే పెద్ద దిబ్బ సమాధులు ప్రధానంగా నాయకులవి. పశువులు కాసినవారి, బానిసల బతుకు తెలియాలంటే బంగారు నగల కన్నా సామాన్యుల ఎముకలు, పళ్లే విలువైనవని నా దృఢమైన అభిప్రాయం. చిన్నప్పుడు తిన్న తిండి, తాగిన నీటి ద్వారా పంటి ఎనామిల్‌లో చేరిన స్ట్రాన్షియం అనే మూలకపు ఐసోటోపుల (బరువులో తేడా ఉన్న రకాల) నిష్పత్తి ప్రాంతాన్ని బట్టి మారుతుంది కాబట్టి, దాన్ని బట్టి ఆ మనిషి బాల్యం ఏ ప్రాంతంలో గడిచిందో అంచనా వేయవచ్చు.