‘500’ కనిపిస్తే ముందు లాగ్ చదవండి

ప్రశ్న: మిర్యాలగూడలోని మా రైసు మిల్లులో ధాన్యం కొనుగోలు లెక్కల కోసం పన్నెండేళ్ల క్రితం పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒక స్క్రిప్టు రాసుకున్నాను. సర్వర్‌ను కొత్త వెర్షన్‌కు మార్చినప్పటి నుంచి ‘500’ ఎర్రర్ తప్ప మరేమీ రావడం లేదు. తప్పు ఎక్కడుందో తెలుసుకోవడం ఎలా?

జవాబు: ఆ అంకె సర్వర్ పని పూర్తి చేయలేకపోయిందని మాత్రమే చెబుతుంది, కారణం ఎర్రర్ లాగ్‌లో, అంటే సర్వర్ తప్పులను రాసిపెట్టే ఫైలులో ఉంటుంది. పేజీని ఒకసారి తెరిచి, వెంటనే లాగ్‌లోని చివరి వరుసలు చదివితే సాధారణంగా ఫైలు పేరు, వరుస సంఖ్య దొరుకుతాయి. స్క్రిప్టు పాతది కనుక నా అనుమానం డేటాబేస్‌తో మాట్లాడే మైఎస్‌క్యూఎల్_క్వెరీ వంటి ఫంక్షన్ల మీద; 2015లో వచ్చిన పీహెచ్‌పీ 7లో వాటిని పూర్తిగా తొలగించారు. బదులుగా అదే పని చేసే పీడీఓ అనే పీహెచ్‌పీ సౌకర్యం వాడండి.

అయితే ఫంక్షన్ల పేర్లు మార్చి ఊరుకోకండి. రైతు పేరు, లారీ నంబరు అంటూ తెర మీద టైపు చేసిన మాటలను నేరుగా క్వెరీలో (డేటాబేస్‌కు ఇచ్చే ఆదేశంలో) అతికిస్తే, ఎవరైనా ఆ గడిలో ఎస్‌క్యూఎల్ (ఆ ఆదేశాలు రాసే భాష) ముక్క రాసి మీ లెక్కలన్నీ చదవగలరు, కొన్నిసార్లు చెరిపివేయగలరు కూడా. అందుకే పీడీఓలోని ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ పద్ధతి వాడండి; అందులో క్వెరీని, విలువలను విడివిడిగా ఇస్తాం కాబట్టి విలువ ఆదేశంగా మారే వీలుండదు.

తొందరలో చాలామంది, తప్పులను పేజీ మీదే చూపించే డిస్‌ప్లే_ఎర్రర్స్ అనే సెట్టింగ్ ఆన్ చేస్తారు (నేనూ చేశాను). సొంత కంప్యూటర్‌లో పరవాలేదు. అసలు సర్వర్‌లో చేస్తే మీ ఫోల్డర్ల దారులు బయటివారికి కనిపిస్తాయి. డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న ఫైలును వెబ్ ఫోల్డర్‌కు వెలుపల ఉంచండి.