వెనక పుల్లీకి రంధ్రాలు కొట్టిస్తే బండి తేలికవుతుందా?

ప్రశ్న: సార్, నాది బెల్ట్ డ్రైవ్ క్రూజర్, అంటే చైన్‌కు బదులు పళ్ల బెల్ట్‌తో వెనక చక్రం తిరిగే బైక్. మొన్న టైరు మార్పించేటప్పుడు వెనక పుల్లీ (బెల్ట్ పట్టుకుని తిప్పే పళ్ల చక్రం) చేతిలోకి తీసుకుంటే, అల్యూమినియందే అయినా ఇంత బరువేమిటా అనిపించింది. మధ్యలో పళ్లెంలా నిండుగా ఉంది. తిరిగే భాగంలో కిలో తగ్గిస్తే రెండు కిలోలు తగ్గించినట్టేనని మా ఫ్రెండ్ అంటున్నాడు. లేత్ మీద పలచన చేయించి, చుట్టూ రంధ్రాలు కొట్టించొచ్చా?

జవాబు: మీ ఫ్రెండ్ లెక్క టైరుకైతే దాదాపు సరిపోతుంది, పుల్లీకి సరిపోదు. బరువు ఇరుసుకు ఎంత దూరంలో ఉందన్నదే ఇక్కడ అసలు సంగతి. మీ పుల్లీకి 70 పళ్లు, పంటికీ పంటికీ 14 మి.మీ. దూరం అనుకుంటే వ్యాసార్థం 156 మి.మీ. వస్తుంది, టైరుదేమో 320 మి.మీ. దాకా ఉంటుంది. మొదటిదాన్ని రెండోదానితో భాగించి వర్గం చేయండి, పావు కూడా రాదు. తిరిగే భాగం కాబట్టి అదనంగా కలిసొచ్చే లాభం అంతే. అంటే పళ్ల అంచులో 100 గ్రాములు తీసినా 124 గ్రాములు తీసిన లాభమే. ఆ అంచును ఎలాగూ ముట్టుకోకూడదు కాబట్టి మీరు తీసేది మధ్య పళ్లెంలోంచే, ఇరుసుకు 10 సెం.మీ. దూరంలో అనుకుందాం, అక్కడ 300 గ్రాములు తీస్తే దక్కేది 330. ట్యాంకులో అర లీటరు పెట్రోలు తక్కువ పోయించుకున్నా అంతకంటే ఎక్కువే తగ్గుతుంది! సస్పెన్షన్ కింద వేలాడే బరువు తగ్గుతుందన్నది నిజమే గానీ చక్రం, టైరు, డిస్క్ అన్నీ కలిసిన బరువులో అది ఏపాటి?

ఇక ఆ పళ్లెం మోసేదెంతో చూడండి. ఇంజిన్ టార్క్ (తిప్పే బలం) 80 న్యూటన్ మీటర్లు, మొదటి గేరులో అది మొత్తం 9 రెట్లయి చక్రానికి చేరుతుందనుకుంటే 720. దాన్ని పుల్లీ వ్యాసార్థం 0.156 మీటర్లతో భాగిస్తే బెల్ట్ లాగుడు 4,600 న్యూటన్లు, దాదాపు 470 కిలోల బరువు వేలాడదీసినట్టు. ఆ లాగుడంతా పళ్ల నుంచి పళ్లెం మీదుగానే హబ్ (చక్రం నడిమి భాగం) బోల్టులకు చేరాలి. ఎవరో ఇలాగే రంధ్రాలు కొట్టించిన పుల్లీ ఒకటి నా టేబుల్ మీదికి వచ్చింది. పైకి చూడ్డానికి భలే ఉంది, వేలితో తడిమితే మాత్రం రంధ్రాల అంచులు బ్లేడులా తగిలాయి, అందులో ఒకదాని అంచు నుంచి బోల్టు రంధ్రం వైపు వెంట్రుకంత పగులు పాకింది. అంచుల పదును తీయకపోతే పగులు అక్కడే పుడుతుంది, పోత పోసిన అల్యూమినియం అయితే లోపల గాలి బుడగలు కూడా ఉండొచ్చు, అవి డ్రిల్ దిగేదాకా కనపడవు.

లేత్ పని ఇంకా చిక్కు. పలచనైన పళ్లెం లోడు మీద కొద్దిగా పక్కకు వంగినా బెల్ట్ ఒక వైపుకు జరిగి అంచు పీచులు రేగుతుంది. పళ్ల మీద గట్టి పూత ఉంటే పుల్లీని బిగించి పట్టే లేత్ చక్ దవడలు గీరి అది లేచిపోవచ్చు, పూత పోయాక కింది మెత్తటి అల్యూమినియం ఎంత త్వరగా అరుగుతుందో చెప్పక్కర్లేదు.

అసలు ఆ పుల్లీ అంత పెద్దదిగా ఎందుకుందంటే, బెల్టును చిన్న వంపులో తిప్పితే త్వరగా దెబ్బతింటుంది. అందుకని ఇంజిన్ వైపుండే ముందు పుల్లీని చైన్ స్ప్రాకెట్ కంటే పెద్దగా పెడతారు, గేరు నిష్పత్తి కుదరాలి కాబట్టి వెనకది ఇంకా పెరుగుతుంది. తక్కువ పళ్ల పుల్లీ వేస్తే బరువు తగ్గే మాట నిజమే, కానీ స్టార్టింగ్‌లో లాగుడు తగ్గుతుంది, బెల్ట్ పొడవు కూడా సరిచూసుకోవాలి. నేనైతే ఆ డబ్బు తేలికైన బ్యాటరీకో సైలెన్సర్‌కో పెడతాను. పుల్లీయే మార్చాలని పట్టుబడితే, మీ మోడల్ కోసమే డిజైన్ చేసిన తేలికపాటిది కొనండి, ఉన్నదాన్ని కోయించకండి.

అన్నట్టు, ఈసారి చక్రం విప్పినప్పుడు బెల్ట్ తిరిగే దిశను చాక్‌పీస్‌తో గుర్తు పెట్టుకుని మళ్లీ అలాగే ఎక్కించండి. దాన్ని మడిచి, మెలిపెట్టి పక్కన పడేయొద్దు, లోపలి దారాలు తెగినా పైకి తెలీదు.