బైపాస్ అయ్యాక మళ్లీ గుండెపోటా?

ప్రశ్న: మా నాన్నగారికి 12 ఏళ్ల కిందట బైపాస్ అయింది. మొన్న మళ్లీ గుండెపోటు వస్తే స్టెంట్ వేసి పంపారు. ఆపరేషన్ ఎందుకు చేయలేదు?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: టెన్షన్ పడకండమ్మా, మామూలుగా చేసేది అదే. ఒకసారి తెరిచిన ఛాతీని మళ్లీ తెరవడం రిస్కు, అందుకే ముందు యాంజియోగ్రామ్ చేసి వీలైతే స్టెంట్ వేస్తారు. బైపాస్ అంటే అడ్డు ఉన్నచోటు దాటి రక్తం వెళ్లేలా వేరే రక్తనాళాన్ని కలపడం. అలా కాలి నుంచి తీసి కలిపిన సిరల్లో దాదాపు సగం పదేళ్లకు మూసుకుపోతాయి, ఛాతీ లోపలి ధమనితో చేసిన బైపాస్ అయితే చాలామందిలో అప్పటికీ బాగానే ఉంటుంది. పాత సిరలో స్టెంట్ వేస్తే గడ్డల ముక్కలు కిందికి జారొచ్చు కాబట్టి, కుదిరితే గుండె సొంత రక్తనాళంలోనే వేయడానికి చూస్తారు. అన్నట్టు, ఆ పాత ఆపరేషన్ కాగితాలు బీరువా అడుగున పడేయకండి! ఏది ఎక్కడ కలిపారో తెలియకపోతే క్యాథ్‌ల్యాబ్‌లో (యాంజియోగ్రామ్ చేసి స్టెంట్ వేసే గది) వెతకడానికే టైమ్ పోతుంది. మళ్లీ నొప్పి వస్తే మాత్రం గ్యాస్ అనుకోకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.