చెక్క లేని మంచానికి ధర ఎంత?

సందేహం: మాది నల్గొండ జిల్లా దేవరకొండ. నాన్న వడ్రంగి. నేను సెకండ్ లైఫ్ అనే కంప్యూటర్ ఆటలో ఇళ్లలో పెట్టుకునే మంచాలు, సోఫాలు తయారుచేసి, ఆ ఆటలో చెల్లే లిండెన్ డాలర్లకు అమ్ముతుంటాను. ఒక పందిరి మంచానికి 900 ధర పెట్టాను. దాన్ని కొన్న హైదరాబాద్ వ్యక్తి ఇప్పుడు, ఇలాంటిదే మరో చోట 150కి ఉందని, నాది దోపిడీ అని, డబ్బు తిరిగి ఇవ్వకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళతానని అంటున్నాడు. లేని వస్తువుకు న్యాయమైన ధరను చట్టం ఎలా లెక్కిస్తుంది?

జవాబు: లెక్కించదు. మీ నాన్నగారు మంచం ధర చెప్పాలంటే టేకు ఎంత పట్టింది, ఎన్ని రోజుల కూలి, పాలిష్‌కు ఎంత అని చూసుకుంటారు. మీ మంచానికి చెక్క లేదు, మేకు లేదు, ఒకసారి చేస్తే వెయ్యి మందికి అమ్మవచ్చు. ఆ లెక్క మీకు పనికిరాదు. గరిష్ఠ చిల్లర ధర నిబంధన ప్యాకెట్లలో అమ్మే సరుకులకే. అన్యాయమైన లాభం కోసం ధరలు తారుమారు చేయరాదన్న 2020 నాటి ఈ-కామర్స్ నిబంధన అమ్మకపు వేదికను నడిపేవారికి వర్తిస్తుంది, ఆ వేదికపై అమ్ముకునే మీలాంటివారికి కాదు.

1872 నాటి ఒప్పందాల చట్టం 25వ సెక్షన్‌లో ఒక గుర్రం ఉంది. వెయ్యి రూపాయల గుర్రాన్ని పది రూపాయలకే అమ్మినా, అమ్మినవాడు మనస్ఫూర్తిగా ఒప్పుకుని ఉంటే ఆ ఒప్పందం చెల్లుతుందని అక్కడ ఉదాహరణ. ధర మరీ పొంతన లేకుండా ఉంటే మాత్రం, ఆ సమ్మతి నిజంగా స్వేచ్ఛగా ఇచ్చిందేనా అని కోర్టు ఆరా తీయవచ్చు. అంటే 900 అన్న అంకె ఒక్కటే మిమ్మల్ని దోషిని చేయదు, ఆ 900 ఇప్పించడానికి మీరు ఏం చెప్పారన్నదే ప్రశ్న.

కాబట్టి మీ అమ్మకపు పేజీని నిదానంగా చదువుకోండి. కాపీ చేసుకోవచ్చని రాసి, తీరా ఒక్క ప్రతే ఇచ్చారా? ల్యాండ్ ఇంపాక్ట్ (ఆటలో ఒక స్థలానికి ఉండే పరిమితిలో ఆ వస్తువు ఎంత వాడుకుంటుందో చెప్పే అంకె) 4 అని రాసిన మంచం, కొన్నవారి స్థలంలో పెట్టగానే 20 తింటోందా? అది తినేస్తే వారికి కుర్చీ వేసుకోవడానికి కూడా చోటు మిగలదు. ‘ఈ రోజే చివరి రోజు’ అని నెల రోజులుగా పెట్టి ఉంచారా? వీటిలో ఏది నిజమైనా 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతి అంటారు, డబ్బు తిరిగి ఇవ్వాల్సి రావచ్చు. కొనేముందు చూసుకోవడానికి ఉచిత డెమో పెట్టి ఉంటే మీ పక్షం చాలా బలపడుతుంది. పెట్టలేదా, ఇకముందు చేసే మంచాలకైనా పెట్టండి.

ధర కన్నా నాకు గుబులు పుట్టించేది మరొకటి. ఆ మంచం రూపం మీరే గీసిందా? మరొకరి మెష్‌ను, అంటే వారు కంప్యూటర్‌లో తయారుచేసిన త్రీడీ ఆకృతిని, అనుమతి లేకుండా వాడి ఉంటే 1957 కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద జైలు శిక్ష కూడా ఉంది. పరుపు మీద పోచంపల్లి ఇక్కత్ డిజైన్ వేసేవారికీ ఒక మాట: దానికి భౌగోళిక గుర్తింపు ఉంది, ఆ పేరుతో అమ్మేముందు వకీలును కలవండి.

ఇక అతని బెదిరింపు. అతను వ్యాపారం కోసం కాక సొంతానికి కొని ఉంటే ఫిర్యాదు చేయగలడు, తాను ఉండే హైదరాబాద్‌లోనే చేయగలడు. కొన్న విలువ 5 లక్షల లోపు కనుక రుసుము ఉండదు. గడువు రెండేళ్లు. గెలుస్తాడని కాదు, కానీ వాయిదాలకు మీరు దేవరకొండ నుంచి బస్సెక్కాలి, లేదా వీడియోలో హాజరు కావడానికి అనుమతి అడగాలి. ఇదంతా నాలుగు అమెరికా డాలర్లు కూడా చేయని మంచం కోసం! అతని వయసు కనుక్కోండి. 18 నిండకపోతే వాదన వద్దు, మారు మాట్లాడకుండా వెనక్కి ఇచ్చేయండి. మైనరుతో ఒప్పందం మొదటినుంచీ చెల్లదని బ్రిటిష్ కాలంలో మన దేశపు కేసులకు చివరి కోర్టు అయిన ప్రీవీ కౌన్సిల్ 1903లోనే తేల్చింది.

మేజరే అయితే, ‘ధర ముందే చూపాను, వివరాలు సరిగ్గా ఇచ్చాను, మంచంలో లోపం ఉంటే చెప్పండి, సరిచేస్తాను’ అని మర్యాదగా రాయండి. అమ్మకపు పేజీ చిత్రం, లావాదేవీ వివరం, అతని సందేశాలు అన్నీ దాచండి. పేజీని ఇప్పుడు హడావుడిగా దిద్దకండి, తప్పు చేసి సర్దుకుంటున్నారని అతను దాన్నే చూపిస్తాడు.